బానెట్ కింది దీపం: వెలగకపోతే ఏం చేయాలి? ఆరకపోతే ఏం చేయాలి?



ఈ వారం మన పాఠం ఒక చిన్న బల్బును గురించి. అది ఇంట్లో వేలాడే బల్బు కాదు. అమెరికాలో తిరిగే పాత పికప్ ట్రక్కులలో, ఇంజను పైమూత లోపలివైపున బిగించి ఉండే దీపం. ఆ మూతను మనం బానెట్ అంటాం, అక్కడివారు హుడ్ అంటారు. మూత ఎత్తగానే దీపం వెలుగుతుంది, దించగానే ఆరిపోతుంది.

"మన ఊళ్లో కనిపించని బండి సంగతి మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి రెండు జవాబులున్నాయి.

మొదటిది: మన విచారణలలో ఎన్నో కుటుంబాలకు కొడుకో, కూతురో, తోడబుట్టినవారో ఆ దేశంలో ఉన్నారు. మన మేత్రాసనాలనుండి వెళ్ళి అక్కడి పల్లె విచారణలలో సేవ చేస్తున్న గురువులూ ఉన్నారు. బస్సులు లేని దూరపు పల్లెల్లో బండి లేనిదే అడుగు కదలదు. తక్కువ ధరకు దొరికిన పాత పికప్ అలాంటివారి చేతికి రావడం వింతేమీ కాదు.

రెండవది: ఈ చిన్న దీపంలో కరెంటు ఎలా నడుస్తుందో తెలిస్తే మన ట్రాక్టరు దీపం, జీపు హారను, ఆటో ఇండికేటరు కూడా అర్థమవుతాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ పాత దీపాలలో చాలావాటి లోపల వెండిలా మెరిసే ఒక బొట్టు ఉంటుంది. అదే బొట్టు మీ ఇంట్లో మందుల డబ్బాలోని పాత జ్వరమానినిలోనూ ఉండవచ్చు. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ప్రతి ఇల్లూ దాని గుణం తెలుసుకోవాలి. కాబట్టి ఓపికగా చదవండి.

ఆ దీపం ఎందుకు?

షెవ్రొలే, జి.ఎం.సి., ఫోర్డ్, డాడ్జ్ పికప్‌లు పొలం పనికీ, బరువులు మోయడానికీ పుట్టిన బండ్లు. పొద్దు గూకిన తర్వాత ఆయిలు చూసుకోవాలన్నా, తెగిన బెల్టు మార్చాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అందుకని కొన్ని బండ్లకు కంపెనీవారే అదనపు సౌకర్యంగా ఈ దీపాన్ని అమర్చి ఇచ్చేవారు. కొన్ని పాత షెవ్రొలే బండ్లలో దీపాన్ని పొడవాటి తీగతో సహా బయటికి లాగి, టైరు దగ్గరికి తీసుకుపోయే ఏర్పాటు కూడా ఉండేది. తీగ తిరిగి చుట్టలోకి వెళ్ళిపోయేది.

ఇప్పుడు ప్రతివాని జేబులో ఫోనూ, ఫోనులో లైటూ ఉన్నాయి గదా, ఈ దీపం పాడైతే వదిలేస్తే పోదా? వెలగని దీపాన్ని వదిలేయవచ్చు. కాని ఆరని దీపాన్ని వదిలేయకూడదు. అది మూత కింద ఎవరికీ కనబడకుండా వెలుగుతూ బ్యాటరీని తాగేస్తుంది. ఎంత తాగుతుందో చిన్న లెక్క వేద్దాం.

పాత బండ్లలో ఈ స్థానంలో తరచు కనిపించే 93 నెంబరు బల్బు సుమారు 1 ఆంపియరు కరెంటు తీసుకుంటుంది. బ్యాటరీ 60 ఆంపియర్ అవర్లదనుకోండి. గంటకు 1 ఆంపియరు చొప్పున 30 గంటల్లో సగం బ్యాటరీ ఖర్చయిపోతుంది. శనివారం సాయంత్రం 6 గంటలకు ఆయిలు చూసి మూత దించినవారికి, ఆదివారం అర్ధరాత్రికే బ్యాటరీ సగానికి దిగిపోయి ఉంటుంది. సోమవారం తెల్లవారి పనికి బయలుదేరేటప్పుడు స్టార్టరు 'టక్' మని ఊరుకుంటుంది. అది మంచు కురిసే కాలమైతే మరీ కష్టం. చలిలో బ్యాటరీ బలం ఎలాగూ తగ్గుతుంది, ఇంజను ఆయిలు చిక్కబడి తిప్పడానికి ఎక్కువ బలం కావలసి వస్తుంది. పక్క ఇల్లు రెండు మైళ్ళ దూరాన ఉన్నచోట ఇది చిన్న ఇబ్బంది కాదు.

కరెంటు నడిచే దారి

మరమ్మతుకు ముందు దారి తెలియాలి. కరెంటుకు పోయే దారి ఒకటి, తిరిగివచ్చే దారి ఒకటి ఉండాలి. ఇంట్లో ఈ రెండింటికీ రెండు తీగలు వేస్తాం. బండిలో మాత్రం తిరిగివచ్చే దారికి చాలాచోట్ల తీగ ఉండదు. బండి ఇనుప శరీరమే ఆ పని చేస్తుంది. మన మెకానిక్కులు దీన్నే 'బాడీ ఎర్తు' అంటారు.

బానెట్ దీపానికి కరెంటు ఇలా వస్తుంది: బ్యాటరీ ప్లస్ నుండి ఫ్యూజుకు, ఫ్యూజునుండి ఒక తీగ ద్వారా బానెట్ మీది దీపానికి, దీపం లోపలి స్విచ్చుకు, స్విచ్చునుండి బల్బుకు. అక్కడినుండి బల్బు గూడుకు, గూటిని బిగించిన మరకు, బానెట్ రేకుకు, రేకునుండి మడతబందుల ద్వారా బండి శరీరానికి, చివరికి బ్యాటరీ మైనస్‌కు. షెవ్రొలే, జి.ఎం.సి. పాత బండ్లలో ఈ వచ్చే తీగ సాధారణంగా నారింజ రంగులో ఉంటుంది. తాళంచెవి తీసేసినా ఆ తీగలో కరెంటు ఉంటుందని ఆ రంగుకు అర్థం.

ఈ దారిలో ఎక్కడ తెగినా దీపం వెలగదు. స్విచ్చు అతుక్కుపోతే దీపం ఆరదు. పాఠమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. మిగిలినదల్లా దారి ఎక్కడ తెగిందో వరుసగా వెదకడమే.

చేయి పెట్టేముందు

ఇంజను ఆపి, చల్లారనివ్వండి. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. హ్యాండ్ బ్రేకు వేయండి. బానెట్‌ను నిలబెట్టే కడ్డీ గట్టిగా ఉందో లేదో చూడండి. స్ప్రింగుల మీద నిలిచే బానెట్ అయితే, పాత స్ప్రింగులను నమ్మక ఒక కర్రను ఊతంగా పెట్టండి. ఆ రేకు బరువు తల మీద పడితే దెబ్బ చిన్నది కాదు.

చేతి ఉంగరం, గడియారం, మెడలోని గొలుసు తీసి ఇంట్లో పెట్టి రండి. బ్యాటరీ ప్లస్‌కూ బండి రేకుకూ మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలు కాలుస్తుంది. బంగారం విషయంలో మరో కారణం కూడా ఉంది, దాన్ని తర్వాత చెబుతాను.

తీగలను విప్పే పని ఉంటే ముందుగా బ్యాటరీ మైనస్ లగ్గు తీయండి. మైనస్ ముందు ఎందుకు? ప్లస్ లగ్గు విప్పేటప్పుడు చేతిలోని పానా బండి రేకుకు తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. మైనస్ ముందే తీసేస్తే తిరుగుదారి తెగిపోతుంది గనుక, పానా ఎక్కడ తగిలినా భయం లేదు. తిరిగి బిగించేటప్పుడు మైనస్‌ను చివర బిగించండి.

కావలసిన సామాను: 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, వీలైతే ఒక మల్టీమీటరు, స్క్రూడ్రైవరు, ఉప్పుకాగితం, రెండు గజాల తీగ, టేపు.

దీపం వెలగకపోతే

మొదటి మెట్టు: బల్బు. దీపం మీది అద్దాన్ని తీసి, బల్బును లోపలికి నొక్కి కొద్దిగా తిప్పితే ఊడివస్తుంది. వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. లోపలి తీగ తెగినా, గాజు నల్లబడినా బల్బు పోయినట్టే. అనుమానంగా ఉంటే మీటరును ఓముల మీద పెట్టి చూడండి. మంచి బల్బు ఒకటి రెండు ఓములు చూపిస్తుంది. కొత్తది కొనేటప్పుడు పాత బల్బు అడుగున ఉన్న నెంబరునే అడగండి. ఎక్కువ వెలుగు వస్తుందని పెద్ద బల్బు పెడితే దాని వేడికి ప్లాస్టిక్ అద్దం కరుగుతుంది.

రెండవ మెట్టు: బల్బు గూడు. ఇంజను వేడికి, వానకు, ఉప్పు చల్లిన మంచు రోడ్ల తేమకు గూడు లోపల ఆకుపచ్చని చిలుము పడుతుంది. ఉప్పుకాగితాన్ని సన్నగా చుట్టి లోపల రుద్దండి. అడుగున ఉన్న చిన్న స్ప్రింగు నొక్కితే తిరిగి పైకి లేస్తోందో లేదో చూడండి. ఈ పని చేసేటప్పుడు మైనస్ లగ్గు తీసి ఉండాలి.

మూడవ మెట్టు: వచ్చే కరెంటు. మైనస్ లగ్గు తిరిగి బిగించండి. టెస్ట్ ల్యాంపు క్లిప్పును బ్యాటరీ మైనస్‌కు తగిలించి, దాని మొనను దీపానికి వచ్చే తీగ చివర ఆనించండి. ల్యాంపు వెలిగితే కరెంటు అక్కడిదాకా వస్తోంది. నాలుగవ మెట్టుకు వెళ్ళండి.

వెలగలేదా? అయితే ఫ్యూజు చూడండి. బండితో వచ్చిన పుస్తకంలో ఏ ఫ్యూజు దేనిదో పట్టిక ఉంటుంది. ఈ దీపానికి మరో దీపంతో ఫ్యూజు ఉమ్మడిగా ఉంటే ఆ రెండవది కూడా ఆరిపోయి ఉంటుంది. అది మంచి ఆనవాలు. పోయిన ఫ్యూజు స్థానంలో అదే అంకె ఉన్న ఫ్యూజు పెట్టండి. అది కూడా వెంటనే పోతే, తీగ ఎక్కడో రేకుకు తగులుతోందన్నమాట. ఎక్కువసార్లు ఆ చోటు బానెట్ మడతబందు దగ్గరే. మూత ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా తీగ అక్కడ వంగి వంగి, ఏళ్ళ తరబడి వేడికి ఎండిన పైతొడుగు పగులుతుంది. లోపలి రాగి బయటపడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పోయిన ఫ్యూజు స్థానంలో తీగ పోగు చుట్టడం, వెండి కాగితం మడిచి పెట్టడం మన దగ్గర అలవాటు. "ఊరు చేరేదాకా నడుస్తుందిలే" అంటారు. ఫ్యూజు చెడ్డది కాదు. తాను కాలిపోయి బండిని కాపాడే కాపలాదారు అది. కాపలాదారును తీసేస్తే తర్వాత కాలేది తీగ, ఆ పైన బండి. పెట్రోలు గొట్టాలు ఉన్నచోట ఈ మాట మరువకండి.

నాలుగవ మెట్టు: తిరుగుదారి. బల్బు బాగుంది, కరెంటు వస్తోంది, అయినా వెలగడం లేదు. అప్పుడు ఒక తీగ తీసుకుని ఒక కొనను దీపం ఇనుప గూటికీ, రెండవ కొనను బ్యాటరీ మైనస్‌కూ ఆనించండి. పొరపాటున ప్లస్‌కు తగలనివ్వకండి. దీపం వెలిగిందంటే లోపం ఎర్తులో ఉంది. పాత బండ్లలో ఎర్తు లోపం చాలా మామూలు. బానెట్‌కు రంగు వేయించినప్పుడు మర కిందికి కూడా రంగు చేరుతుంది. మడతబందులకు గ్రీజు, తుప్పు పడతాయి. ఇవి కరెంటుకు గోడలు.

దీపం వెలుగుతోంది గాని మసకగా ఉంటే కూడా ఇదే అనుమానం. మీటరును వోల్టుల మీద పెట్టి, నల్ల తీగను బ్యాటరీ మైనస్‌కూ ఎర్ర తీగను దీపం గూటికీ ఆనించి చూడండి. దీపం వెలుగుతుండగా అరవోల్టు కన్నా ఎక్కువ చూపితే, ఆ వోల్టులు బల్బుకు అందకుండా దారిలోనే ఖర్చవుతున్నాయి.

మందు సులువు. మర విప్పి, దాని కింది రేకును మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, పళ్ళున్న వాషరు వేసి బిగించండి. పైన కాస్త వాజలీను రాస్తే తుప్పు పట్టదు. అయినా మసక తగ్గకపోతే గూటినుండి బండి శరీరం మీది బోల్టు దాకా విడిగా ఒక ఎర్తు తీగ వేయండి. మడతబందు దగ్గర తీగను బిగలాగకుండా కొంచెం వదులుగా ఉంచండి. లేకపోతే ఏడాదికి అదీ తెగుతుంది.

ఐదవ మెట్టు: స్విచ్చు. పైవన్నీ బాగుంటే మిగిలింది స్విచ్చు. మైనస్ లగ్గు తీసి, దీపాన్ని మొత్తంగా బానెట్ నుండి విప్పి చేతిలోకి తీసుకోండి. మీటరు ఓముల మీద పెట్టి, ఒక తీగను కరెంటు వచ్చే చోటికీ, రెండవదాన్ని బల్బు గూడు అడుగునున్న స్ప్రింగుకూ ఆనించండి. మూత ఎత్తినప్పుడు దీపం ఏ వంపులో ఉంటుందో ఆ వంపులో పట్టుకుంటే మీటరు సున్నాకు రావాలి. మూత దించినప్పటి వంపులో పట్టుకుంటే దారి తెగినట్టు చూపాలి. ఈ రెండింటిలో ఏది జరగకపోయినా స్విచ్చు మార్చవలసిందే.

దీపం ఆరకపోతే

మూత దించిన తర్వాత లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? సులువైన ఉపాయం: దీపం చల్లగా ఉన్నప్పుడు మూత ఎత్తి వెంటనే దించి, పావుగంట ఆగండి. తర్వాత మూత ఎత్తీ ఎత్తకముందే దీపం అద్దాన్ని జాగ్రత్తగా తాకి చూడండి. చల్లగా ఉంటే మంచిది. వేడిగా ఉంటే అది పావుగంటా వెలుగుతూనే ఉంది. ఇంజను వేడి లేనప్పుడే ఈ పరీక్ష చేయాలి. లేదంటే ఏ వేడి ఎక్కడిదో తెలియదు.

ఆరకపోవడానికి కారణం ఎప్పుడూ స్విచ్చే కానక్కరలేదు. ఈ స్విచ్చు వంపును బట్టి పనిచేస్తుంది. దీపాన్ని పట్టిన రేకు వంగి ఉంటే మూత దించినా దానికి ఎత్తినట్టే ఉంటుంది. పికప్ బానెట్‌కు మడతబందులు అద్దం వైపున ఉంటాయి, ముందు అంచు పైకి లేస్తుంది. కాబట్టి బండి ముక్కు పైకి ఉండేలా ఎత్తు మీద నిలిపినా స్విచ్చుకు మూత కొద్దిగా ఎత్తినట్టే లెక్క. పట్టీ కొంచెం వంగి ఉన్న బండి చదును నేల మీద బాగానే ఉండి, ఎత్తు మీద నిలిపిన రాత్రి మాత్రమే బ్యాటరీని తాగేస్తుంది. "ఒకరోజు స్టార్టవుతుంది, ఒకరోజు కాదు" అనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. పట్టీని నిదానంగా సరిచేసి మళ్ళీ పరీక్షించండి.

సరిచేయడానికి తీరిక లేదా? బల్బు తీసి డ్యాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకోండి. ఆ రాత్రికి అదే మంచి మరమ్మతు. మూత ఎత్తి గంటల తరబడి వేరే పని చేసేటప్పుడు కూడా బల్బు తీసేయడం మంచిది.

ఆ వెండి బొట్టు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వంపును బట్టి పనిచేసే ఆ స్విచ్చు లోపల ఏముంటుంది? చాలా పాత అమెరికా బండ్లలో ఒక చిన్న గొట్టం, దానిలో రెండు లోహపు మొనలు, ఒక బొట్టు పాదరసం. మూత ఎత్తితే పాదరసం జారి రెండు మొనలనూ కలుపుతుంది, దీపం వెలుగుతుంది. దించితే వెనక్కి జారుతుంది, దీపం ఆరుతుంది. కదిలే ముక్కలేవీ లేవు, అరిగేదేమీ లేదు. తెలివైన ఏర్పాటే.

కాని ఒక్కొక్క స్విచ్చులో సుమారు 1 గ్రాము పాదరసం ఉంటుంది. గొట్టం పగలనంతవరకూ దానివల్ల హాని లేదు. పగిలితే పాదరసం మామూలు గది వేడికే కంటికి కనబడని ఆవిరిగా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆ ఆవిరి ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి చేరి నరాలకూ, మెదడుకూ, మూత్రపిండాలకూ చేటు చేస్తుంది. నేల మీద పాకే పసివారికి అపాయం మరింత ఎక్కువ.

పాత బండ్లను తుక్కుకు వేసి కొలిమిలో కరిగించినప్పుడు ఈ పాదరసం పొగలో కలిసి గాలిలోకి లేస్తుంది. వానతో నేలకు దిగి చెరువులకూ సముద్రానికీ చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసం అనే మరింత విషపు రూపంలోకి మారుస్తాయి. అది చిన్న చేపలలోనుండి పెద్ద చేపలలోకి, చేపలనుండి మనుషులలోకి వస్తుంది. జపానులోని మినమాట అనే ఊరి ప్రజలు దీనికి చెల్లించిన వెల ప్రపంచానికంతా తెలుసు. ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన వ్యర్థాలవల్ల ఆ తీరంలో చేపలు తిన్న జాలరి కుటుంబాలు వణుకుతో, చూపు మందగించి, మాట పడిపోయి బాధపడ్డాయి. ఆ జబ్బును 1956లో అధికారికంగా గుర్తించారు. తల్లికి పెద్దగా జబ్బు లక్షణాలు కనబడకపోయినా, కడుపులోని బిడ్డకు హాని జరిగిన సంగతి అక్కడే బయటపడింది.

ఆ ఊరి పేరుతోనే పాదరసం మీద ప్రపంచ దేశాల ఒప్పందం 2013లో కుదిరి 2017లో అమలులోకి వచ్చింది. 2018లో భారతదేశం కూడా దాన్ని ఆమోదించింది. అమెరికా బండ్ల కంపెనీలు 2003 నాటికే కొత్త బండ్లలో ఇలాంటి స్విచ్చులు పెట్టడం మానేశాయి. పాత బండ్లు తుక్కుకు వెళ్ళకముందే స్విచ్చులను తీయించే దేశవ్యాప్త కార్యక్రమాన్ని అక్కడ 2006లో ప్రారంభించారు. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు వెలువరించిన 'లౌదాతో సి' విశ్వలేఖలో కూడా బంగారు గనుల పాదరసం వల్ల జరిగే కాలుష్యం ప్రస్తావనకు వచ్చింది. అంటే ఈ బొట్టు చిన్నదైనా దాని లెక్క పెద్దది.

కాబట్టి విప్పిన స్విచ్చులో వెండిలాంటి బొట్టు కదులుతూ కనబడితే, లేదా లోపల ఏముందో తెలియకుండా మూసివున్న గొట్టం ఉంటే, దాన్ని పగలగొట్టవద్దు, కోయవద్దు, వేడి చేయవద్దు. గట్టి మూత ఉన్న సీసాలో పెట్టి, మీద 'పాదరసం' అని రాసి, పిల్లలకు అందనిచోట ఉంచండి. అమెరికాలో ఉన్నవారు తమ కౌంటీలో ఇళ్ళనుండి వచ్చే ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. చెత్తబుట్టలో వేయకూడదు.

ఒకవేళ పగిలితే? ఇది జ్వరమానిని పగిలినప్పుడూ వర్తిస్తుంది గనుక మన ఇళ్ళలో అందరూ చదవండి.

పిల్లలనూ, గర్భిణులనూ, పెంపుడు జంతువులనూ వెంటనే దూరంగా పంపండి. కిటికీలు తెరవండి. ఫ్యాను వేయవద్దు. చీపురుతో ఊడవవద్దు, ఊడిస్తే ఒక బొట్టు వంద బొట్లవుతుంది. వ్యాక్యూం క్లీనరు అసలే వద్దు, అది ఆవిరిని గదంతా చిమ్ముతుంది. బంగారు గాజులు, ఉంగరాలు తీసేయండి. పాదరసం తగిలితే బంగారంతో కలిసిపోయి నగ తెల్లబడి చెడుతుంది. ఇందాక చెబుతానన్న కారణం ఇదే. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, రెండు అట్టముక్కలతో బొట్లను ఒకచోటికి చేర్చి సీసాలోకి ఎత్తండి. మిగిలిన సన్నని చుక్కలను టేపు జిగురువైపుతో అద్ది తీయండి. టేపును, అట్టలను, గాజు ముక్కలను కూడా సీసాలోనే వేసి మూత బిగించండి. సింకులోగాని కాలువలోగాని పోయవద్దు. పాదరసం పడిన గుడ్డలను మిగతా బట్టలతో ఉతకవద్దు. మన దేశంలో 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు పగిలిన జ్వరమానినులను ఇళ్ళలోని ప్రమాదకర వ్యర్థాలలో చేర్చాయి. కాబట్టి తడి చెత్త, పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇచ్చి, అదేమిటో పారిశుద్ధ్య కార్మికునికి నోటితో చెప్పండి. మన చెత్తను చేత్తో ఎత్తే ఆ మనిషికి కూడా పిల్లలున్నారు.

కొత్త స్విచ్చు ఎలాంటిది?

పాదరసం స్విచ్చు చెడితే మళ్ళీ అలాంటిదే వెదకనక్కరలేదు. రెండు దారులున్నాయి. ఒకటి, పాదరసం బదులు చిన్న లోహపు గుండు దొర్లే స్విచ్చు. ఇదీ వంపును బట్టే పనిచేస్తుంది. రెండవది, కారు తలుపు దగ్గర ఉండేలాంటి నొక్కుడు స్విచ్చు. మూత దిగినప్పుడు దాని పుల్ల నొక్కుకుపోయి దీపం ఆరుతుంది. ఎత్తు మీద నిలిపినా ఇది మోసపోదు.

నొక్కుడు స్విచ్చులు చాలావరకు ఎర్తు వైపు దారిని కలిపి విడదీస్తాయి. అలాంటిది వాడితే దీపం గూడు నేరుగా బానెట్ రేకుకు తగలకూడదు. తగిలితే స్విచ్చుతో పనిలేకుండానే దారి పూర్తయి దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. గూటికీ రేకుకూ మధ్య రబ్బరు ముక్క వేసి, మరను కూడా రేకుకు తగలకుండా చేసి, గూటినుండి స్విచ్చుకు ఒక తీగ వేయాలి.

దీపానికి కొత్త తీగ బ్యాటరీనుండే వేస్తే, బ్యాటరీకి దగ్గరలోనే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు దీపం దగ్గర ఉంటే మధ్యలో తీగ రేకుకు రాసుకున్నప్పుడు కాపాడేవారుండరు.

బల్బు బదులు ఎల్.ఇ.డి. పెట్టవచ్చు. కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. కొన్ని ఎల్.ఇ.డి.లకు ప్లస్, మైనస్ తిరగబడితే వెలగవు. ఇంజను వేడిని తట్టుకునేదేనా అని అడిగి కొనండి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

ఈ పాఠాన్ని చదివి మడిచి పెట్టేయకండి. భోజనాల తర్వాత పిల్లలతో కలిసి ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోండి.

1. బండిలో కరెంటు తిరిగివచ్చే దారి ఏది? ఆ దారికి రంగు, తుప్పు ఎందుకు అడ్డు?

2. బ్యాటరీ లగ్గులు విప్పేటప్పుడు మైనస్ ఎందుకు ముందు?

3. ఫ్యూజు స్థానంలో తీగ పోగు చుడితే ఏమవుతుంది?

4. మన ఇంట్లో పాదరసం జ్వరమానిని ఉందా? ఎక్కడ ఉంది? పిల్లలకు అందుతుందా?

నాలుగవ ప్రశ్నకు జవాబు నోటితో చెప్పి ఊరుకోకుండా, లేచి వెళ్ళి చూసి రండి. విదేశంలో ఉన్న మీ బిడ్డతో ఈ ఆదివారం ఫోనులో మాట్లాడేటప్పుడు, "మీ బండి పాతదా నాయనా? మూత కింద దీపం ఉందా? రాత్రిళ్ళు ఆరుతోందా?" అని అడగండి. దీపం సంగతి అమ్మానాన్నలకెలా తెలిసిందని ఆశ్చర్యపోతారు. అడిగినందువల్ల ఒక చలి ఉదయాన వారి బండి కదిలినా, ఒక పాత స్విచ్చు చెత్తకుప్పకు పోకుండా సీసాలోకి చేరినా, ఈ పాఠం తన పని చేసినట్టే.